మూడో పొట్లం

పోయిన భాగం చివర ఆవగింజను వాళ్ళ వదిన ఇంటి మెట్ల మీద, ఒళ్ళో అట్టపెట్టెతో కూర్చోబెట్టి మనం వారం రోజులు మన పనులు చూసుకున్నాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. పైకెక్కి తలుపు కొడితే వదిన ఉద్యోగానికి ముప్పు. కొట్టకుండా వెనక్కి పోతే తన ఐదేళ్ళ చదువు గంగలో కలుస్తుంది. ప్రొఫెసర్ గారు శుక్రవారం అన్న మాట చెవిలో ఇంకా గింగురుమంటూనే ఉంది. "తప్పు నీ చేతుల్లో ఉందా, మీ వదిన పేపర్లో ఉందా? సోమవారం కమిటీ ముందు ఏదో ఒకటి చెప్పు. రెండూ కాదంటే మాత్రం కుదరదమ్మాయ్." ఇవాళ ఆదివారం.

కొత్తగా వచ్చిన పాఠకులకి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్దాం. ఈ గొడవంతా ఒక కలుపు మొక్క గురించి. నేలకి అంటుకున్న నాలుగాకులు, మధ్యలోంచి దారంలాంటి కాడ, చివర చూపుకి ఆనని తెల్లపూలు, ఇంతే దాని సంపద. ఆవాలకి దూరపు చుట్టం. కూరకి పనికిరాదు, మేతకి పనికిరాదు, మేక కూడా మూతి తిప్పుకుంటుంది. అయినా లోకంలో మొక్కల జన్యువుల మీద పనిచేసేవాళ్ళలో సగంమంది దీని చుట్టూనే తిరుగుతారు. గింజ వేసిన రెండు నెలల్లో మళ్ళీ గింజ చేతికిస్తుంది. అరచేతంత కుండీలో సర్దుకుంటుంది. తన పుప్పొడితో తనే కాయ కడుతుంది కనక దానికి సంబంధాలు వెతకక్కర్లేదు. మొక్కల్లో జన్యువుల పుస్తకాన్ని మొట్టమొదట ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివింది దీనిదే.

ఇందులో ఒక పొట్టి జాతి ఉంది. వదిన చదువుకునే రోజుల్లో ఆ పొట్టి జాతిలో ఒక జన్యువుని పనిచేయకుండా ఆపింది. ఆ గింజల్ని ఉప్పు వేసిన గాజు పళ్ళేల్లో చల్లితే మామూలు గింజల మొలకలన్నీ మాడిపోయాయి, వీటిలో మాత్రం మూడింట ఒక వంతు బతికాయి. ఆ పేపర్ వదినకి డాక్టరేటు తెచ్చిపెట్టింది, కాలేజీలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆ ఉద్యోగం వచ్చే నెల ఖాయం కావాలి. ఆవగింజ ఆ వదిన వెనకాలే అదే ల్యాబులో చేరి, అదే సీసాలోని గింజల మీద తన పని కట్టుకుంది. తీరా చూస్తే తన ఫలితాలు వదిన పేపర్‌తో కలవడం లేదు. మనిషి పొట్టిగా ఉంటుందని, పైగా ఆవాల కుటుంబంతో కాపురమని, ల్యాబులో ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఇంట్లో కూడా అదే ఖాయమైపోయింది.

చివరికి ఆవగింజ మెట్లెక్కింది. మింగలేక కక్కలేక కూర్చోవడం కన్నా తిట్లు తినడమే నయమనుకుంది.

వదిన వంటింట్లో ఫ్రిజ్ ముందు పీట వేసుకుని కూర్చుని, చెక్క గరిటెతో మంచు గీకుతోంది. అన్నయ్య చల్లగదులు బాగుచేసే మెకానిక్. ఊళ్ళో ఏ గోదాములో చల్లదనం తగ్గినా అర్ధరాత్రైనా పరిగెడతాడు. ఇంట్లో ఫ్రిజ్ మాత్రం ఏడాదిగా మంచు గడ్డ కట్టి, తలుపు పడక, పాలగిన్నె కూడా పట్టని స్థితిలో ఉంది.

"రా ఆవగింజా. మీ అన్నయ్య బాగుచేస్తాడని చూస్తే నాకు తెల్లజుట్టు వచ్చేలా ఉంది. ఆ బేసిన్ ఇలా జరుపు."

ఆవగింజ బేసిన్ జరిపింది. అట్టపెట్టె గట్టు మీద పెట్టింది.

"వదినా, ఒక మాట అడగాలి. కోపం తెచ్చుకోకూడదు."

"అలా మొదలుపెట్టిన మాట ఏదీ కోపం రాకుండా ముగియగా నేను చూడలేదు. అడుగు."

ఆవగింజ పెట్టెలోంచి కుండీ తీసింది. పెట్టె ఎత్తు చాలక మొక్క కాడ కాస్త వంగింది, గట్టు మీద పెట్టగానే నిటారుగా లేచింది. వదిన గరిటె ఆపి చూసింది.

"ఎంత పొడుగెదిగిందో. ఎవరిది?"

"నీదే."

"నాది పొట్టి జాతి కదే."

"నీ సీసాలోదే వదినా. ఉప్పులో బతికినవాటిని పారేయకుండా కుండీల్లోకి మార్చి పూత దాకా పెంచాను. ఒక్కటీ పొట్టిది కాదు. అన్నీ ఇలాగే. ఒక్కోదాన్నీ విడిగా పరీక్ష చేశాను. నువ్వు ఆపిన జన్యువు వీటిలో ఆగలేదు, శుభ్రంగా పనిచేస్తోంది. నిజంగా ఆగినవన్నీ ఉప్పులో చచ్చిపోయాయి."

వదిన మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. రెండు మంచు పెచ్చులు బేసిన్‌లో పడ్డాయి.

"నేనూ పరీక్ష చేశాను."

"ఎప్పుడు?"

"ఉప్పులో వేయకముందు. ఒక గుప్పెడు మొలకలు కలిపి నూరి చూశాను. జన్యువు ఆగినట్టు స్పష్టంగా వచ్చింది."

"బతికినవాటిని?"

ఈసారి పెచ్చులేమీ పడలేదు. "బతికినవాటిని మళ్ళీ చూడలేదు. ఎందుకు చూడాలి? ఒకే సీసాలోవి. ఒకే జాతివి. నేను అబద్ధం రాశానంటావా?"

"నేనలా అనలేదు."

"అననక్కర్లేదు. మొహం చూస్తే తెలుస్తోంది. ఆడపడుచు అర్ధమొగుడంటే ఏమో అనుకున్నాను, నువ్వు నిండు పోలీసువి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని మీకు అనిపించవచ్చు. ఆవగింజకి మాత్రం అలా అనిపించలేదు. అగ్గిపుల్ల చివర తడిచేసి, దుమ్ములాంటి గింజల్లోంచి ఒక్క గింజను మాత్రమే ఎత్తడం తనకి నేర్పింది ఈ మనిషే. ఒక కుండీకి చీటీ సరిగా అంటించలేదని ల్యాబులో అందరి ముందూ తనని కడిగేసింది కూడా ఈమే. అలాంటి మనిషి కావాలని తప్పు రాస్తుందంటే ఆవగింజ నమ్మలేకపోతోంది. నమ్మనందుకే ఇంత బాధగా ఉంది.

"సరే, ఈ పొడుగువి మధ్యలోకి ఎలా వచ్చాయో చెప్పు," అంది.

"వచ్చాయి. నేనేం గుడ్డిదాన్నా? నా కుండీల్లోనే నాలుగు పొడుగ్గా లేచాయి. ఎక్కడివో తెలీదు. పీకేద్దామనేసరికి కాయలు పండి ఉన్నాయి. రాలితే గదంతా అవే మొలుస్తాయని కాయలతో సహా కోసి విడిగా పొట్లం కట్టాను. నాలుగే అయినా గింజ మాత్రం దండిగా ఇచ్చాయి. నావి రెండు పొట్లాలు, ఈ దిక్కుమాలినది ఒక పొట్లం, మూడూ ఒకేలా బరువు తూగాయి. దాన్ని పారేయించాను కూడా. అంత జాగ్రత్తపడినదాన్ని పట్టుకుని నువ్వు..."

ఆవగింజ చెవికి ఆ తరవాతి మాటలు ఎక్కలేదు. మూడు పొట్లాలు. రెండు మంచివి, ఒకటి కాదు. మూడూ సమానం.

వదిన పేపర్లో ఎవరికీ కొరుకుడుపడనిది ఆ 'మూడింట ఒక వంతు' ఒక్కటే. నాలుగింట ఒకటి బతికితే ఎందుకో పాఠ్యపుస్తకం చెబుతుంది. నాలుగింట మూడు బతికినా చెబుతుంది. మూడింట ఒకటి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని సమర్థించడానికి వదిన ఒక పేజీ నిండా వాదన రాసింది. ఆ పేజీ ఆవగింజకి కంఠతా వచ్చు, అర్థం మాత్రం ఏనాడూ కాలేదు. ఇప్పుడు వంటింట్లో నిలబడి ఉండగా అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"వదినా, ఆ మూడో పొట్లం పారేసింది ఎవరు?"

"మీ అన్నయ్య," అంది వదిన.

ఆ రోజు సంగతి ఈ కుటుంబంలో తెలియనివాళ్ళు లేరు. అప్పటికి వాళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు, ఆ మాటకొస్తే పరిచయం కూడా అంతంతమాత్రమే. అన్నయ్య ల్యాబులో కుండీల గది కూలర్ చూడటానికి వచ్చిపోతుండేవాడు. ఆమె పొట్లాలు బల్ల మీద అలాగే వదిలేసి, చెల్లెలికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే ఉన్నపళంగా ఆస్పత్రికి పరిగెత్తింది. కూలర్ బాగై గాలి కొడితే ఆ గింజలన్నీ ఎగిరిపోతాయని అక్కడికెళ్ళాక గుర్తొచ్చింది. ల్యాబుకి ఫోన్ చేస్తే సెలవు రోజు కావడంతో ఎత్తింది మెకానిక్. ఒక్క గింజ కూడా నేల పాలు కాకుండా సీసాలో పోసి, మూత బిగించి, బల్ల తుడిచి మరీ వెళ్ళాడు. పెళ్ళిచూపులు లేని మా పెళ్ళికి ఆ సీసానే మధ్యవర్తి అని వచ్చిన చుట్టాలందరికీ అన్నయ్య చెబుతాడు. ఆవగింజ ఎన్నిసార్లు విందో లెక్కలేదు.

కింద స్కూటర్ ఆగిన చప్పుడైంది. కాసేపటికి అన్నయ్య పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏంటి, వంటింట్లో ఇద్దరాడవాళ్ళుండి ఇంత నిశ్శబ్దం? ఎవరైనా పోయారా?" అని, ఫ్రిజ్ వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, గరిటెతో గీకకూడదే. పైపుకి తగిలిందంటే గ్యాసంతా పోతుంది. నేను చేస్తానన్నానుగా."

"ఏడాది నుంచీ అంటున్నావు," అంది వదిన. గొంతులో రోజూ ఉండే వేళాకోళం లేదు.

ఆవగింజ గొంతు సవరించుకుంది. "అన్నయ్యా, ఒకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ పొట్లాల రోజు వదిన ఫోన్లో సరిగ్గా ఏమంది?"

"ఎన్నిసార్లు చెప్పలేదు?"

"కథ కాదు. మాటలు కావాలి."

అన్నయ్య సంచి కింద పెట్టాడు. నలభైకి దగ్గరపడిన మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. "మాటలు నేనెవరికీ చెప్పలేదు," అన్నాడు. "సరే, నువ్వు పరాయిదానివా. బల్ల మీద పొట్లాలున్నాయండీ, గాలికి పోతాయి, సీసాలో పోసి మూత పెట్టండి అంది. అప్పుడంతా అండీ అండీయేగా. అలాగేనండీ అన్నాను. తరవాత ఒక్క క్షణం ఆగి, మూడో పొట్లం కలుపు అంది. అంతే, లైను తెగింది."

"కలుపు అందా?"

"కలపండి అనలేదు చూడు. కలుపు అంది." అన్నయ్య నేల చూస్తూ నవ్వుకున్నాడు. "అప్పటిదాకా నన్ను నువ్వు అనలేదు ఎప్పుడూ. చనువుగా, సొంతమనిషికి పని చెప్పినట్టు, కలుపు అంది. కాసేపు చేతిలో పాన ఎందుకుందో కూడా తెలీలేదు నాకు. మూడోది కూడా పోసి, సీసా ఊపి ఊపి మరీ కలిపాను. ఒక్క గింజ కింద పడితే ఒట్టు."

వదిన గరిటె వైపు చూస్తోంది. ఆవగింజ వదిన వైపు చూస్తోంది.

"ఏం, ఎందుకలా చూస్తారు? నవ్వుకుంటారనే ఇన్నాళ్ళూ చెప్పలేదు," అని అన్నయ్య తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. లోపల నీళ్ళ చప్పుడు, దానితో పాటు ఏదో కూనిరాగం వినిపించాయి.

వదిన పీట మీంచి జారి నేల మీదే చతికిలబడింది. బేసిన్‌లో నీళ్ళు ఒలికి చీర అంచు తడిసినా చూసుకోలేదు.

"నేను నువ్వు అనలేదే," అంది మెల్లగా. "కలుపు అన్నాను. కలుపు మొక్కల కలుపు. మూడో పొట్లం కలుపు, దాన్ని విడిగా ఉంచండి అని చెప్పబోతుంటే ఫోన్లో చార్జింగ్ అయిపోయింది."

ఆవగింజ పక్కన కూర్చుంది.

"మర్నాడు వస్తే నన్ను 'వచ్చావా' అన్నాడు. ఈ మనిషికి చనువు ఎక్కువే అనుకున్నాను. సాయంత్రానికి, బాగానే ఉందిలే అనుకున్నాను. బల్ల మీద మూడో పొట్లం లేదు. కలుపని సగం మాట చెప్పినా పట్టుకుని పారేశాడు, చెప్పేది అర్థం చేసుకునే మనిషి దొరకడం కష్టమని..." వదినకి నవ్వొచ్చింది. నోటికి చేతులడ్డం పెట్టుకుని, స్నానాలగదిలోకి వినపడకుండా భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వే ఎప్పుడు ఏడుపైందో ఆవగింజకి తెలియలేదు. "అందుకే చేసుకున్నానే," అంది.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. ఆవగింజ ఒక పేపర్‌ని లాగుదామని వచ్చింది, చేతిలోకి ఒక కాపురం వచ్చింది. ఆమెకి తన మీద తనకే అసహ్యమేసింది, వదిన మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగింది.

వదిన చీర అంచుతో మొహం తుడుచుకుంది. తిరిగి మాట్లాడేసరికి ల్యాబు గొంతు వచ్చేసింది.

"రేపు నీతో నేనూ వస్తాను. కమిటీకి నేనే చెబుతాను. నీ చేతుల్లో తప్పు లేదు, నా సీసాలో ఉంది. కలిపింది నేనే అంటాను."

"నువ్వు కలపలేదుగా."

"గింజ నాది, బాధ్యత నాది. ఎవరో ఏమిటో తెలియని మనిషికి ఫోన్లో చెప్పి, తిరిగొచ్చాక ఏం చేశావని అడగకపోవడం కలపడమే. బతికినవాటిని పరీక్ష చేయకపోవడం అంతకన్నా పెద్ద తప్పు."

"మరి ఉద్యోగం?"

"పోతే ఏడుస్తాను. నీకు కనపడకుండా ఏమీ ఏడవను, నీ ముందే కూర్చుని ఏడుస్తాను. పేపర్ పోతే ఇంకోటి రాసుకుంటాను. కానీ మీ అన్నయ్యకి మాత్రం ఇది తెలియకూడదు. ఆ ఒక్క మాట మీద ఇల్లు కట్టుకున్నాడాయన. అది క్రియ కాదు, నామవాచకమని నేను చెప్పలేను. నువ్వూ చెప్పకూడదు. నా మీద ఒట్టు."

"ఒట్టు," అంది ఆవగింజ.

ఒట్టు వేసేటప్పుడు ఆమెకి ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. పొట్టివి ఉప్పులో చచ్చిపోయాయి, బాగానే ఉంది. పొడుగువి ఎందుకు బతికాయి? అసలు ఎక్కడివవి? వదినకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ప్రశ్నకి రేపు కమిటీలో జవాబు ఉండదు.

అన్నయ్య తల తుడుచుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే గట్టు మీది కుండీ కంటపడింది. దగ్గరికెళ్ళి, కాడని వేలితో మీటి, పాత స్నేహితుడు ఎదురైనట్టు నవ్వాడు.

"ఇది మన ఇంటికెలా వచ్చింది?"

"నీకు తెలుసా ఆ మొక్క?" ఆవగింజ లేచి నిలబడింది.

"తెలియకేం. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు గడ్డకట్టించే ఉప్పునీళ్ళ తొట్టి వెనక తూము లేదూ, ఉప్పంతా పొర్లి నేల తెల్లగా పొక్కిపోయి ఉంటుంది, అక్కడ గడ్డిపోచ మొలవదు. ఇదొక్కటే గోడవారంతా ఉండేది. మీ ల్యాబుకి వచ్చే రోజుల్లో పొద్దున అక్కడ డ్యూటీ, అట్నుంచి అటే మీ దగ్గరికి. ప్యాంటు మడతల నిండా దీని గింజలే. దులుపుకోలేక చచ్చేవాణ్ణి."

"ఎక్కడ దులుపుకునేవాడివి అన్నయ్యా?"

"ఎక్కడేముంది, మీ కుండీల గదిలోనే. కాళ్ళు తుడుచుకోమని గుమ్మంలో పట్టా వేసేవారుగా."

ఆవగింజ గట్టు పట్టుకుంది. ఉప్పు తాగి బతికే మొక్క. ఎవరూ ఏ జన్యువునీ ఆపకుండానే, ఐస్ ఫ్యాక్టరీ తూము పక్కన దానంతటది బతకడం నేర్చుకున్న మొక్క. దాని గింజలు ఒక మనిషి ప్యాంటు మడతల్లో ల్యాబుకొచ్చాయి, ఐదేళ్ళుగా తన చేతుల్లోనే ఉన్నాయి. తను మాత్రం దాన్ని తప్పు అని పిలుస్తూ వచ్చింది. ఆ మాట వదినకి చెబుదామని తిరిగేసరికి, వదిన మొహంలో ఏమీ లేదు. ఆమె మనసు అప్పటికే రేపటి గదిలో, కమిటీ ముందు నిలబడి ఉంది.

అన్నయ్య కుండీని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "ఇన్నేళ్ళు కాళ్ళకింద తొక్కాను గానీ పేరు తెలుసుకోలేదు. ఏమంటారే దీన్ని?"

"కలుపు," అంది వదిన, తలెత్తకుండానే.

"దేంట్లో?" అన్నాడు అన్నయ్య.

అంటూనే గట్టు మీది చెంచా కోసం చెయ్యి చాపాడు కూడా. ఆ చెయ్యి సగం దారిలో ఆగింది. వదిన చటుక్కున తలెత్తింది. ఫ్రిజ్‌లోంచి ఒక మంచు పెచ్చు ఊడి బేసిన్‌లో పడింది, ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు.

"ఆవగింజా," అన్నాడు అన్నయ్య, కళ్ళు మాత్రం భార్య మీంచి తిప్పకుండా, "ఇందాక నన్ను ఆ రోజు మాటలు ఎందుకడిగావు?"